లద్దె పురుగు తరఫున వకాల్తా

నోరు లేదు, కాళ్లు లేవు, గాలికి తల ఊపడం తప్ప ఏమీ తెలియదు అని మొక్కజొన్న మీద మనకో జాలి. దాని అసలు రూపాన్ని 1990లో టర్లింగ్స్, టమ్లిన్సన్, లూయిస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికాలో బయటపెట్టారు. లద్దె పురుగు ఆకు కొరికిన కొన్ని గంటలకు మొక్క గాలిలోకి ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది. అది పట్టుకుని బుల్లి కందిరీగ ఒకటి దిగి, పురుగు ఒంట్లో గుడ్డు పెట్టిపోతుంది. పిల్ల లోపల్నుంచి తినుకుంటూ బయటికొస్తుంది. నోటీసు లేదు, విచారణ లేదు, నేరుగా ఎన్‌కౌంటర్.

సాక్ష్యం సంగతి మరీ ఘోరం. బ్లేడుతో కోస్తే మొక్క అంత హడావిడి చేయదు. కోసిన చోట పురుగు ఉమ్మి రాస్తే మాత్రం కబురు వెళ్లిపోతుంది. ఆ ఉమ్మిలోని వొలిసిటిన్ అనే పదార్థాన్ని 1997లో పట్టుకున్నారు. నోట్లో తడి లేకుండా అన్నం తినడం మీకైనా చేతనవుతుందా?

పక్క మొక్కలూ తక్కువవి కావు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరింట్లో పోపు మాడితే మిగతావాళ్లు ముక్కు మూసుకుని ఊరుకుంటారు. ఇవి అలా కాదు. వాసన తగలగానే, తమను ఎవరూ ముట్టుకోకపోయినా, ఎదుర్కోవడానికి ముందే సిద్ధమవుతాయి. (పార్కులో గడ్డి కోసినప్పుడు మనం ‘ఆహా’ అని గుండెల నిండా పీల్చే పచ్చివాసన కూడా గాయాల వాసనే. వాకింగ్ మానకండి.)

నా క్లయింట్ల బంధువర్గమైన వేరుపురుగులకు మాత్రం ఒక చోట న్యాయం జరిగింది. వేరు కొరికితే మొక్కజొన్న మట్టిలోకి కారియోఫిలీన్ అనే వాసన పదార్థం వదిలి, పురుగును చంపే నులిపురుగులను పిలుస్తుందని 2005లో తేలింది. అదృష్టం కొద్దీ ఉత్తర అమెరికా రకాలకు చాలావరకు ఆ విద్య లేదు. తరతరాలుగా మంచి విత్తనం ఏరుకుంటూ వచ్చిన మనిషి, ఈ గొంతు ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు. చేను నోరు మూసుకుంది, పురుగుకు భోజనం, మందుల డీలర్‌కు బేరం. ఇంత సామరస్యం ఇంకెక్కడుంది?

దాన్నీ ఓర్వలేకపోయారు. 2009లో, పిజ్జా మీద చల్లుకునే ఒరెగానో నుంచి జన్యువు తెచ్చి, మొక్కజొన్నకు ఆ గొంతు మళ్లీ పెట్టారు. పొలంలో వేసి చూస్తే వేర్లకు నష్టం బాగా తగ్గింది కూడా.

ఇంత పెద్ద నిర్ణయానికి ముందు పురుగుల అభిప్రాయ సేకరణ జరగనేలేదని మనవి.