చెరువు హద్దు రాయి గారికి

మహారాజశ్రీ చెరువు హద్దు రాయి గారి సముఖమునకు,

నెల్లూరు జిల్లాలో మీ చెరువు కిందే కాపురముంటున్న ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అంటే, అక్టోబరు వచ్చి ఈశాన్య రుతుపవనం దిగేదాకా క్షేమం.

మీరూ బాగున్నట్టే ఉన్నారు. మొన్న చూశాను. ఒంటికి కొత్త సున్నం, నెత్తిన ఎర్ర రంగుతో నంబరు, నడుముకి ఎవరిదో గేదె పలుపు. ఒక్కటే అనుమానం. పోయినేడు మీరు తుమ్మచెట్టుకి ఊరివైపు ఉండేవారు, ఇప్పుడు నీళ్లవైపు ఉన్నారు. చెట్టయితే కదిలినట్టు లేదు. మీరు ఖాళీ చేసిన చోట మొదట గడ్డివామి వెలిసింది, తర్వాత రేకుల షెడ్డు, ఆపైన వెంచరు బోర్డు, చివరికి కరెంటు మీటరు. మీటరు పడ్డాక మిమ్మల్ని వెనక్కి జరపడం బ్రహ్మతరం కూడా కాదు. చెరువులూ కుంటలూ ఊరుమ్మడి ఆస్తి, వాటిని ఇళ్ల స్థలాలకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. సున్నం చెవుల్లో పడి మీకు వినపడి ఉండదు.

ఈమధ్య పెద్ద పెద్ద మీటింగుల్లో 'ప్రకృతి ఆధారిత పరిష్కారాలు' అంటున్నారు. వరదకి ఎక్కడికక్కడ గోడ కట్టడం కాదు, చెరువుల్లో, పల్లాల్లో, మడ అడవుల్లో నీళ్లని నిలవనివ్వండి అని. పై చెరువు కలుజు, అదే అలుగు, పొర్లితే కింది చెరువుకి, అదీ నిండితే వాగుకి, వాగు నుంచి ఏట్లోకి... ఈ విద్య మా తాతలకు తెలుసు. విద్య పోలేదు, అడిగే దిక్కే లేకుండా పోయింది.

దిక్కు లేదంటే తప్పు, దిక్కులు ఎక్కువయ్యాయి. కట్ట జలవనరుల శాఖది. లోపలి నేల రెవెన్యూది. టౌన్లోకొచ్చిన కాలువ కార్పొరేషన్‌ది, దాని మీది కల్వర్టు రోడ్ల వాళ్లది, ఇసుక గనుల వాళ్లది. చెట్టుకీ బోరుకీ 2002 నాటి వాల్టా చట్టం, రైతులకి 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదట. అదే కాంక్రీటు గోడ చూడండి, దానికి ఎస్టిమేటు, టెండరు, బిల్లు, శిలాఫలకం అన్నీ ఉంటాయి. తూటికాడ పీకి బాగు చేసిన కలుజుకి రిబ్బను ఎక్కడ కడతారు?

2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే తెగింది. అంత వరదని చెరువులు ఆపేవని నేననను. 78 టీఎంసీలు పట్టే సోమశిలే గేట్లెత్తేసింది. కానీ ఏరు నిండుగా ఉన్నప్పుడు ఊళ్లో కురిసిన వాన ఏట్లోకి దిగదు, వెనక్కి తంతుంది. ఏరు తగ్గేదాకా అది ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా? ఆ చోటుకి మీ వెనకాల రిజిస్ట్రేషన్ అయిపోయింది.

నెదర్లాండ్స్‌లో మీకు దూరపు చుట్టం ఒకటుంది. 1993లో, 1995లో నదులు పొంగి లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించాక, ఆ దేశం 'నదికి చోటు' అని ఒక కార్యక్రమం పెట్టుకుంది. నైమేఖన్ ఊరి దగ్గర వరదకట్టని 350 మీటర్లు వెనక్కి జరిపి నదికి చోటిచ్చారు. ఓవర్‌డీప్ అనే ఏటిపక్క పల్లంలో రైతులే ముందుకొచ్చి, మట్టి దిబ్బల మీద ఇళ్లు కట్టుకుంటాం, వరదొస్తే మా పొలాల్లోకి వదలండి అని ప్లాన్ ఇచ్చారు. ఎంత నీరు దాటించాలో ప్రభుత్వం తేల్చింది, ఎలాగన్నది చాలాచోట్ల స్థానికులతో కూర్చుని తేల్చుకున్నారు. ఇళ్లు పోయినవాళ్లు ఊరికే ఒప్పుకోలేదు, గొడవలూ అయ్యాయి. కానీ గొడవ పడటానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. అక్కడి కట్టా నడిచింది, మీరూ నడుస్తున్నారు. దిశ ఒక్కటే తేడా.

నా విన్నపం పెద్దదేం కాదు. ఈసారి సర్వేలో పాతేటప్పుడు మీ నంబరు కింద ఫలానా ఉద్యోగి బాధ్యుడని ఒక పేరు, ఒక ఫోన్ నంబరు రాయించుకోండి. కలుజు పూడిపోతే ఎవరికి చెప్పాలో తెలుస్తుంది. అది కుదరదంటే, వచ్చే ఏడు ఎక్కడ మకాం పెడతారో ముందుగా చెప్పండి. మా ఇంటికి పునాది ఎంత ఎత్తు లేపాలో మేస్త్రీ అడుగుతున్నాడు.

ఇట్లు,
మీ వెనకాల ఉండిపోయినవాడు

తా.క.: ఈ ఉత్తరం నకళ్లు పై శాఖలన్నిటికీ ముందే పంపాను. ఒకటి అప్పుడే తిరిగొచ్చింది, 'సంబంధిత శాఖకు పంపుకోగలరు' అన్న ముద్రతో.