ట్రిగ్గర్‌తో కుస్తీ

ఏళ్ల తరబడి ఆడుతున్న వీడియో గేమ్ సిరీస్. కొత్త భాగం మొదలుపెట్టి పది నిమిషాలైందో లేదో, తలుపు తియ్యాలంటే కంట్రోలర్ తిప్పమంది. తిప్పాను. కాదట, ఇంకాస్త నెమ్మదిగా తిప్పాలట! విల్లు ఎక్కుపెడితే ట్రిగ్గర్ (కంట్రోలర్‌పై చూపుడువేలితో నొక్కే మీట) బిగుసుకుంటుంది. మొదటి రెండు బాణాలకు భలే అనిపించింది, రెండొందలో బాణానికి చూపుడువేలు లాగేస్తోంది. ఈ బిగింపు ఆపేద్దామంటే ఆ ఆప్షన్ ఏ మెనూలో దాచారో.

కొత్త ఫీచర్లంటే నాకేం పగ లేదు. 1996లో నింటెండో 64 అనే గేమ్ కన్సోల్ అనలాగ్ స్టిక్‌తో (బొటనవేలితో ఎటైనా నెట్టే చిన్న పుల్ల) మారియో ఆటే మారిపోయింది: కొంచెం నెడితే నడక, పూర్తిగా నెడితే పరుగు. ఆ స్టిక్ కోసమే ఆట పుట్టినట్టుండేది. ఇక్కడేమో పాత ఆటకే వైబ్రేషన్ అతికించారు. వాన పడితే చేతిలో చిటపట, అర్ధరాత్రి కంట్రోలర్ స్పీకర్‌లోంచి గుర్రం సకిలింపు (ఇంట్లో అందరూ లేచారు). ఇంతా చేసి, బాస్ ఫైట్ (పెద్ద విలన్‌తో పోరు) మధ్యలో బ్యాటరీ అయిపోయింది.