‘రైజింగ్ సన్’ పాట: లేబుల్ మీద చోటు దొరకని పేర్లు

1964 మే 18న లండన్‌లోని డి లేన్ లీ స్టూడియోలో బ్రిటిష్ రాక్ బృందం యానిమల్స్ ‘ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ రికార్డు చేసింది. తొలి టేక్‌తోనే పని ముగిసింది. రేడియోకు మూడు నిమిషాలు దాటిన పాట పనికిరాదనుకునే ఆ రోజుల్లో నాలుగున్నర నిమిషాల ఈ పాట జులైలో బ్రిటన్‌లో, మూడు నిమిషాలకు కుదించిన రూపంలో సెప్టెంబరులో అమెరికాలో నంబర్ వన్ అయింది. జానపదాన్ని రాక్‌తో కలిపే ఫోక్ రాక్ అన్న మాట జనం నోట్లో పడకముందే దాని దారి వేసింది ఈ పాటే. ఇదంతా చాలామందికి తెలిసిందే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది రికార్డు లేబుల్ మీది చిన్న అక్షరాలు: సంప్రదాయ గీతం, అరేంజ్‌మెంట్ (పాటకు వాయిద్యాల కూర్పు) అలన్ ప్రైస్. ప్రైస్ బృందంలో ఆర్గన్ వాయించేవాడు. వాయించింది, పాడింది ఐదుగురు. ఐదు పేర్లకు లేబుల్ మీద చోటు చాలదన్నారు. అరేంజ్‌మెంట్ రాయల్టీ ఒక్క పేరుకే దక్కింది.

ఆ అరేంజ్‌మెంట్‌లో ఏముందో విప్పి చూడాలి. ఎ మైనర్, సి, డి, ఎఫ్: బార్‌కు (అంటే ఒక ఆవర్తనకు) ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు), బార్‌కు ఆరు దెబ్బలు, మన తిశ్ర నడకకు దగ్గర. హిల్టన్ వాలంటైన్ గిటార్ మంద్ర తీగ దగ్గర మొదలై పైకెక్కి దిగుతుంది. అసలు బలం ఆ కార్డ్‌ల లోపల దాగిన స్వరాల్లో ఉంది. ‘ఎ’ని షడ్జమం అనుకుంటే స, ని, చతుశ్రుతి ధ, శుద్ధ ధ వరుసగా కిందికి జారతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు డి మేజర్ బదులు డి మైనర్ పట్టేస్తుంటారు, మైనర్ పాటే కదా అని. అప్పుడు చతుశ్రుతి ధ ఎగిరిపోతుంది, రెండు ధైవతాల మధ్య జారుడు పోతుంది. పాట చప్పబడుతుంది, కారణం మాత్రం అంతుపట్టదు.

ఈ జారుడు యానిమల్స్ సొత్తు కాదు. న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్ బేస్ (మంద్ర) స్వరాలను అరమెట్టు చొప్పున దింపుతూ ఈ పాటను మలిచాడు. 1961లో బాబ్ డిలాన్ ముందుగా అడగకుండానే దాన్ని తన తొలి ఆల్బమ్ కోసం రికార్డు చేసేశాడు. ఆ తర్వాత డిలాన్‌ను కాపీ కొడుతున్నావన్న మాట వాన్ రాంకే పడాల్సి వచ్చి, పాటనే పక్కన పెట్టాడు. యానిమల్స్ హిట్ తర్వాత అదే నింద డిలాన్‌కు చుట్టుకుంది. వాయిద్యం వరకు చూస్తే ప్రైస్ వాక్స్ ఆర్గన్ సోలో అద్భుతం, కాదనను. కానీ ఆర్గన్ పాటకు పైకప్పు. గోడలు వాన్ రాంక్‌వి, ముంగిట గిటార్ వాలంటైన్‌ది.

మరి పునాది? 1933లోనే క్లారెన్స్ ఆష్లీ, గ్వెన్ ఫాస్టర్ ఈ పాటను రికార్డుకు ఎక్కించారు. 1937 సెప్టెంబరు 15న కెంటకీలోని మిడిల్స్‌బరోలో జానపద సేకర్త అలన్ లోమాక్స్ ముందు పదహారేళ్ల జార్జియా టర్నర్ పాడింది. గని కార్మికుల ఊరి పిల్ల. ఆమె పాటలో రైజింగ్ సన్ అనే ఇంట్లో చెడిపోయింది ఆడపిల్ల. అమ్మ బట్టలు కుట్టేది, ప్రియుడు తాగుబోతు. యానిమల్స్ పాటలో ఆడపిల్ల అబ్బాయి అయింది, తాగుబోతు ప్రియుడు పోయి జూదరి తండ్రి వచ్చాడు. బట్టలు కుట్టే అమ్మ, ఆమె కుట్టిన జీన్స్ మాత్రం మిగిలాయి. లోమాక్స్ 1941 పుస్తకంలో టర్నర్ పేరు వేశాడు. ఇరవై మూడేళ్లు తిరిగేసరికి ఆ పేరు ‘సంప్రదాయం’ అన్న ఒక్క మాటలో కలిసిపోయింది. ఆమె 1969లో కన్నుమూసింది.

జానపదం అందరిదీ, పేర్లు రాస్తూ కూర్చుంటే పాట ఊరు దాటదు అనేవాళ్లున్నారు. టర్నర్ కూడా ఎవరి దగ్గరో నేర్చుకున్నదే కదా అంటారు. నిజమే, ఆమె ఆ పాట కట్టలేదు. కానీ పేరు రాయడం వేరు, పాటను తాళం వేసి దాచుకోవడం వేరు. అందరిదీ అన్న పాట మీద ఒక్కడి పేరున చెక్కు వచ్చినప్పుడు ఈ వాదన ఎవరికీ గుర్తు రాలేదు.

ఇది మన గుమ్మంలోని సంగతి కూడా. 2021లో ‘సారంగ దరియా’ సినిమాకెక్కినప్పుడు, ఆ పాటను ముందు వెలుగులోకి తెచ్చిందెవరన్న రచ్చ అందరం చూశాం. మన యూట్యూబ్ జానపదాల్లో కెమెరా, ఎడిటింగ్, డ్యాన్స్, పోస్టర్ డిజైన్ చేసినవాళ్లందరి పేర్లూ ఉంటాయి. నాట్లేస్తూ ఆ పాట పాడి వినిపించిన అవ్వ పేరుండదు. చట్టం అడ్డమా అంటే కాదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 38బి సెక్షన్, పాడినవారికి తమ పేరు చెప్పమని అడిగే హక్కునిచ్చింది. ప్రదర్శకుల హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. పొలం గట్టు మీద ఫోన్‌లో రికార్డు చేసినా అది ప్రదర్శనే.

చేయాల్సిన పని అరగంటది. రికార్డింగ్ మొదట్లోనే పాడేవారి నోటితో పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పించాలి. ఫైలు పేరు మారినా, ఫోన్ పోయినా గొంతులో ఆ వివరం నిలుస్తుంది. అనుమతి కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. కొత్తగా కట్టిన చరణాలేవి, విన్నవేవి అన్నది పాట విడుదలకు ముందే విడదీసి రాసుకోవాలి, తర్వాత ఎవరికీ గుర్తుండదు. పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంపోజర్ గడిలో ‘సంప్రదాయం’ అని, అరేంజర్ గడిలో మీ పేరు, మొదట పాడినవారి పేరు వివరణలో మొదటి వరుసలో. పల్లవి బాణీ మొత్తాన్ని కంటెంట్ ఐడీకి (పాటను గుర్తుపట్టి హక్కుదారుకు ముట్టజెప్పే యూట్యూబ్ వ్యవస్థకు) ఎక్కించకండి. ఎక్కిస్తే రేపు ఆ అవ్వ మనవరాలు అదే పాట పాడి పెట్టిన వీడియో మీద మీ పేరున క్లెయిమ్ పడొచ్చు, దాని మీద వచ్చే డబ్బు మీ ఖాతాకు మళ్లొచ్చు.