మొదటి నెలలోనే కాగితం మీద పెట్టుకోవలసిన మాటలు

నా పీహెచ్‌డీ థీసిస్ మూడవ అధ్యాయం, పరిశోధనను పర్యవేక్షించే మా గైడ్ గారి బల్ల మీద నాలుగు నెలలకు పైగా ఉండిపోయింది. ఆయన చెడ్డవారు కారు, నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అన్నవారు కారు. అధ్యాయం చేతికిచ్చిన రోజు "చూస్తానమ్మా" అన్నారు. ఆ మాటకు నేను పదిహేను రోజులని అర్థం చెప్పుకున్నాను, ఆయన వీలు చిక్కినప్పుడని అనుకున్నారు. హైదరాబాదు తార్నాకలో అద్దె గదిలో ఉంటూ, ప్రతి సోమవారం డిపార్ట్‌మెంటుకు వెళ్లి, ఆయన గది బయట బెంచీ మీద కూర్చుని, గుర్తు చేస్తే ఏమనుకుంటారోనన్న భయంతో నమస్కారం మాత్రం పెట్టి తిరిగి వచ్చేదాన్ని. నేను అడగకపోవడం చూసి నాకే తొందర లేదని ఆయన భావించారని చాలా కాలం తరువాత గాని తెలియలేదు.

ఇప్పుడు ఈ నగరంలోనే నేనూ గైడ్‌నయ్యాను. నా అభిప్రాయం ఒక్కటే: రిజిస్ట్రేషన్ అయిన నెలలోపు గైడూ, స్కాలరూ (పరిశోధక విద్యార్థి) ఎదురెదురుగా కూర్చుని, ఎవరి నుంచి ఎవరు ఏమి ఆశిస్తున్నారో ఒక పేజీలో రాసుకుని, ఇద్దరూ సంతకం చేయాలి.

నిబంధనలు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 6 సంవత్సరాలు పడుతుంది, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 సంవత్సరాలు దొరుకుతాయి. ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 గురికి మించి ఒకే సమయంలో గైడ్‌గా ఉండకూడదు. ప్రతి సెమిస్టర్‌లో స్కాలర్ సలహా కమిటీ ముందు తన పని వివరించాలి. ఇవన్నీ అవసరమైనవే, కానీ ఇచ్చిన అధ్యాయాన్ని ఎన్ని రోజుల్లో చదివి తిరిగి ఇవ్వాలన్నది ఆ ఇద్దరూ తేల్చుకోవలసిన సంగతి.

ఆ రోజుల విలువ ఫెలోషిప్ (పరిశోధకులకు ఇచ్చే నెలవారీ భృతి) మీద బతికేవారికి తెలుసు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, దాని తరువాత వచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు అయ్యాయి. రెండూ కలిపి యూజీసీ ఇచ్చేది 5 సంవత్సరాలకే. గైడ్ బల్ల మీద గడిచిన నాలుగు నెలలు ఆ ఐదేళ్లలోనే తరిగిపోతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేకుండా చేరి, నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్‌తో హైదరాబాదులో నెట్టుకొస్తున్న పిల్లల సంగతి మరీ కష్టం. పైగా ఫెలోషిప్ కాగితం, సెలవు చీటీ, ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు అన్నీ గైడ్ సంతకంతోనే కదులుతాయి కనుక ఆ పిల్లలు నోరు తెరిచి అడగలేరు. అందుకే ఈ మాటను మొదట ఎత్తవలసిన బాధ్యత గైడ్‌దేనని నా గట్టి నమ్మకం.

పేపర్ల విషయమూ అంతే. థీసిస్ సమర్పణకు ముందు పత్రికలో పరిశోధన వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతును 2022లో యూజీసీ తొలగించింది, అయినా చాలామంది గైడ్లు అడుగుతూనే ఉన్నారు. అడగడంలో తప్పు లేదు. ఆ సంగతి సినాప్సిస్ (థీసిస్ సారాంశం) సిద్ధమైన తరువాత చెప్పడం మాత్రం అన్యాయం. ఎన్ని వ్యాసాలు, వాటిలో మొదటి పేరు ఎవరిది అన్నది మొదటి నెలలోనే రాసుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయం నుంచి అతిథులను తీసుకురావడం, గైడ్ ఇంటి బ్యాంకు పనులు చూడడం పరిశోధన కిందికి రావన్నదీ ఆ పేజీలో ఉండాలి.

స్కాలర్లకూ బాధ్యత ఉంది. నా విద్యార్థి ఒకరు రెండు నెలలు కనిపించకపోతే నేను చాలా నొచ్చుకున్నాను. అశోక్‌నగర్‌లో గ్రూప్-1 కోచింగ్‌లో ఉన్నాడని తరువాత తెలిసింది. ఇంటి పరిస్థితి వల్ల ఉద్యోగం వెతుక్కోవడం నేరం కాదు, నాకు చెప్పి ఉంటే పని ప్రణాళికను మార్చేవాళ్లం. అయితే చెప్పవచ్చునని నేనూ అతనికి ఏనాడూ చెప్పలేదు. ఆ పేజీ రాయించడం నేను ఆ తరువాతే మొదలుపెట్టాను. మూడు వారాల్లో అధ్యాయం తిరిగి ఇస్తానని అందులో నా మాటగా రాసి ఉంటుంది.

గురువుతో కాగితం రాయించుకోవడమేమిటని ఒక పెద్దాయన నాతో బాధపడ్డారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ అన్నదమ్ములు కూడా మాట బాగున్న రోజుల్లోనే పంపకాలు రాసుకుంటారు, ఆ తరువాత పండుగలకు ఒకరింటికి ఒకరు వెళుతూనే ఉంటారు.

గైడ్ సంతకానికి ఒప్పుకోకపోతే, మాట్లాడుకున్న రోజు సాయంత్రమే "సార్, ఈ రోజు మీరు చెప్పినవి నాకు ఇలా అర్థమయ్యాయి, పొరపాటుంటే సరిదిద్దగలరు" అని నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. తరువాతి కమిటీ సమావేశానికి దాని ప్రతిని ఫైలులో పెట్టుకుని వెళ్లండి.