సెలైన్‌లో కలిపేముందు

సెలైన్‌లో మరో మందు కలిపి ఎక్కించడం ఆసుపత్రుల్లో ఎంత మామూలు పనైపోయిందంటే, ఆ రెండింటికీ పొసగుతుందా అన్న ప్రశ్న చాలాసార్లు తలెత్తనే తలెత్తదు. డాక్టరు మందు, మోతాదు రాస్తారు. దాన్ని ఏ ద్రావణంలో, ఎంత పలచగా కలపాలో, ఎన్ని గంటల్లోపు వాడాలో తేల్చుకునే భారం మాత్రం వార్డులోని నర్సు మీద పడుతుంది. ఆ భారం ఆసుపత్రి యాజమాన్యం మోయవలసినదని మా అభిప్రాయం.

మూర్ఛను అదుపు చేసే ఫెనిటాయిన్ ఇంజెక్షన్ సుమారు 12 పీహెచ్ ఉన్న ఘాటైన క్షార ద్రావణం. ఆ క్షారగుణం తగ్గితే మందు కరిగి ఉండలేదు. కొంత ఆమ్లగుణం ఉన్న డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం)లో కలిపితే స్ఫటికాలుగా విడిపోతుంది కనుక, నార్మల్ సెలైన్ (ఉప్పునీటి ద్రావణం)లోనే, అదీ ఎక్కించబోయే ముందే కలిపి, ఫిల్టరు గుండా ఇవ్వాలి. ఫంగస్‌పై వాడే ఆంఫోటెరిసిన్-బి తీరు సరిగ్గా తలకిందులు: ఆ సెలైన్ తగిలితే అది అవక్షేపమవుతుంది, అంటే కరగకుండా విడిపోతుంది; 5 శాతం డెక్స్‌ట్రోజే దానికి తగినది.

ఇక సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ కాల్షియంతో కలిస్తే కరగని లవణంగా మారుతుంది. నవజాత శిశువుల మరణాల నేపథ్యంలో, 28 రోజుల లోపు పిల్లలకు కాల్షియం ద్రావణాలు అవసరమైతే ఈ మందు ఇవ్వరాదన్న నిషేధం వచ్చింది. సెలైన్‌లాగే ఎక్కించే రింగర్ లాక్టేట్ ద్రావణంలో కాల్షియం ఉంటుందన్న సంగతి హడావిడిలో ఎందరికి గుర్తుంటుంది?

తెల్లగా విరిగితే కనీసం కంటికి కనబడుతుంది. కొన్ని ప్రమాదాలు అలా కనబడవు. 1994లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, సిరల ద్వారా ఇచ్చే పోషకాహారంలో కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి గడ్డకట్టిన కారణంగా సంభవించిన రెండు మరణాలపై హెచ్చరిక జారీ చేసింది; పాలలాంటి కొవ్వు మిశ్రమం ఉంటే ఆ అవక్షేపం కంటపడదు. ఇన్సులిన్‌లో కొంత ప్లాస్టిక్ గొట్టానికే అంటుకుపోతుంది. డెక్స్‌ట్రోజ్‌లో ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ గంటల్లోనే క్షీణిస్తుంది. సీసా మాత్రం తేటగానే ఉంటుంది.

సాధారణంగా 90 శాతం మందు మిగిలి ఉన్నంతవరకు రసాయనికంగా నిలకడగా ఉన్నట్టు లెక్క. కానీ అది సూక్ష్మజీవుల భయం లేదనడానికి హామీ కాదు. శుభ్రమైన గదిలో ఫార్మసిస్టు కలిపినదానికీ, మంచం పక్కన కలిపినదానికీ ఒకే గడువు వర్తించదు. ఐసీయూలో సిరలు దొరకక రెండు మందులను వై-కనెక్టరు (రెండు గొట్టాలను ఒకటిగా కలిపే అమరిక) ద్వారా పంపక తప్పకపోవచ్చు. అక్కడ అవి కలిసి ఉండేది నిమిషాలే కనుక, సీసాలో గంటలపాటు కలిపి ఉంచిన పరీక్షల ఫలితాలను దానికి యథాతథంగా అన్వయించలేం.

ప్రతి వార్డులో అక్కడ వాడే మందుల్లో ఏది దేనితో కలపవచ్చో చెప్పే పొంతన పట్టిక ఉండాలి. కలిపిన సీసాపై మందు పేరు, ద్రావణం, కలిపిన సమయం రాయాలి. ఒక మందుకూ మరొకదానికీ మధ్య రెండింటికీ సరిపడే ద్రావణంతో గొట్టాన్ని కడగాలి. పట్టికలో లేని జంటను కలపరాదని లిఖితపూర్వకంగా ఆదేశించి, రాత్రి వేళ కూడా ఫోన్‌లో దొరికే ఫార్మసిస్టును నియమించాలి.