వైరు పీకే వైద్యం

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది తొమ్మిదోసారి. ఈసారి పంపింది మా మేనమామ. ఆయనకు కారు లేదు. "కారు బ్యాటరీ చార్జ్ కావడం లేదా? మెకానిక్‌కు వేలు తగలేయకండి, ఇంట్లోనే 6 చిట్కాలు" అని పైన, "పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి" అని కింద. నేను అనంతపురంలో ఇరవై ఏళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఆ వేలు తగలేసేది నాకే కాబట్టి, నా కడుపుమంట కొద్దీ రాస్తున్నానని అనుకునేవాళ్లు అనుకోండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కుని, నేను చెప్పింది తప్పేమో మీరే కొలిచి చూడండి.

మొదటి చిట్కా: టెర్మినల్స్ మీద పట్టిన పొడిని కూల్‌డ్రింకుతో కడగాలట. పోతుంది. తర్వాత చీమలొస్తాయి. వేడినీళ్లలో వంటసోడా కలిపి, సెల్ మూతల్లోకి పోకుండా చూసుకుని, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. దీనికి ఇంతకన్నా టైం ఇవ్వను.

రెండోది: బ్యాటరీలో నీళ్లు తగ్గితే ఆసిడ్ పోయమంటున్నారు. తగ్గింది నీళ్లే కదా, ఆసిడ్ ఆవిరైపోదు. సాంబారు మరిగి చిక్కబడితే నీళ్లు పోస్తారా, ఇంకో పిడికెడు ఉప్పు వేస్తారా? డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఆసిడ్ గాఢత పెరిగితే ప్లేట్లను తినేస్తుంది.

మూడోది: డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగలేదంటే చార్జింగ్ బ్రహ్మాండంగా ఉన్నట్టట. తాళం తిప్పినప్పుడు, ఇంకా ఇంజిన్ లేవకముందు ఆ లైటు వెలగాలి. అప్పుడే వెలగలేదంటే అసలు అనుమానం అక్కడే మొదలవ్వాలి. ఇంజిన్ తిప్పుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసేది ఆల్టర్నేటర్. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా పోయే కరెంటుతోనే దాని ఫీల్డ్, అంటే లోపలి అయస్కాంత బలం, లేస్తుంది. బల్బు మాడిపోతే చార్జింగ్ సరిగా మొదలుకాదు, ఆ సంగతి చెప్పాల్సిన లైటూ వెలగదు. ఓనరు మాత్రం లైటు రాలేదు కదా అని నిశ్చింతగా గుత్తి దాకా పోయి, అక్కడ్నుంచి నాకు ఫోన్ చేస్తాడు.

ఇక నాలుగోది. ఈ రాతంతా దీనికోసమే. "ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. బండి ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు."

పోయిన ఎండాకాలం ధర్మవరం నుంచి ఒకాయన కారును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని మొదటి కంప్లయింటు. ఇప్పుడు అసలు స్టార్టే కావడం లేదు. ఏం చేశారని అడిగితే, "ఏమీ చేయలేదన్నా, ఊరికే వైరు పీకి సూసినా, అంతే" అన్నాడు. స్కానర్ పెడితే ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పలకలేదు. ఫ్యూజులు చూశాం, సప్లై చూశాం, ఎర్త్ చూశాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈసీఎమ్మే పోయింది. కొత్తదాని ధర చెప్పగానే ఆయన బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు మాట్లాడలేదు. తీరా అది మార్చి బండి లేపాక చూస్తే ఆల్టర్నేటర్ 14.1 వోల్టులు ఇస్తోంది. దానికి ఏ రోగమూ లేదు. పోయింది నాలుగేళ్ల బ్యాటరీ. ఈ ఎండలకు బ్యాటరీ నాలుగేళ్లు బతకడమే గొప్ప.

జరిగిందేమిటంటే, ఆల్టర్నేటర్ కరెంటు తోస్తూ ఉంటే దాన్ని మింగుతున్నది బ్యాటరీ. ఉన్నట్టుండి మింగేదాన్ని తప్పిస్తే, ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్‌లోని అయస్కాంత బలం ఆ క్షణానే చల్లారదు. వోల్టేజ్ ఎగదన్నుతుంది. ఆపే ఏర్పాటేమీ లేకపోతే 12 వోల్టుల బండిలోనే అది 80, 100 వోల్టుల దాకా పోగలదు. ఉండేది సెకనులో చిన్న ముక్కే. ఈసీఎం మాడడానికి అది చాలదా? కొత్త ఆల్టర్నేటర్లు చాలావాటిలో ఈ దెబ్బను 35 వోల్టుల దగ్గరే ఆపే డయోడ్లు ఉంటాయి. "నేను పదిసార్లు పీకాను, ఏం కాలేదు" అనే మహానుభావుల బండ్లు అవే అయ్యుంటాయి. పదకొండోసారికి ఆల్ ది బెస్ట్. పైగా వైరు పీకేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. పక్కనే చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది. మొహం సరిగ్గా దాని మీదకు వంచి ఉంటారు.

పోనీ ఇంత తెగించి చేస్తే తెలిసేదేమైనా ఉందా? ఆల్టర్నేటర్‌లో ఏసీ కరెంటును డీసీగా మార్చే ఆరు డయోడ్లలో ఒకటి పోయినా ఇంజిన్ ఆగదు, బ్యాటరీ మాత్రం రోజురోజుకూ ఖాళీ అవుతూ ఉంటుంది. అన్నీ బాగున్న బండి కూడా బ్యాటరీ తప్పించగానే వోల్టేజ్ ఊగి ఆగిపోవచ్చు. అంటే ఆగినా అర్థం లేదు, ఆగకపోయినా అర్థం లేదు.

మా గురువు కూడా పీకేవాడు, అది నిజం. ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న పాత అంబాసిడర్లకు పీకేవాడు. డైనమోను బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్ లాంటి కటౌట్ మూత తీసి, రేస్ ఇచ్చి, చెవితోనే చెప్పేసేవాడు. ఆ బండిలో మాడడానికి బల్బులు తప్ప ఏమున్నాయి?

ఐదో చిట్కాలో రెండు సగాలూ తప్పే. రెండో సగం దగ్గర మాత్రం నేను నోరు మూసుకోవాలి. బ్యాటరీ 12 వోల్టులు చూపిస్తే చాలట. రాత్రంతా ఆగిన బండిలో 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. పావు బ్యాటరీని బాగుందనుకుంటే పొద్దున ఇంటిల్లిపాదీ బండి తోయాల్సిందే. రెండో సగం: ఇంజిన్ ఆన్‌లో 14 రాకపోతే ఆల్టర్నేటర్ మార్చాల్సిందేనట. నేనూ ఇదే నమ్మి ఒక కొత్త బండికి 12.8 చూసి ఆల్టర్నేటర్ మార్చాను. మార్చాక కూడా 12.8. నా మొహం చూడాలి అప్పుడు. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉన్న బండి అది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ సెన్సర్‌ను చూసి, డీజిల్ మిగలడానికి బండే చార్జింగ్‌ను తగ్గించేస్తుంది. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ ఫుల్‌గా వేస్తే 14.3కి లేచింది. పాతదే మళ్లీ బిగించి, కూలి తీసుకోకుండా పంపించాను.

ఆ రోజు నుంచి లోడ్ లేకుండా ఏ నంబరునూ నమ్మను. లైట్లు, బ్లోయర్ వేసి, ఇంజిన్‌ను రెండు వేల ఆర్‌పీఎం దగ్గర పట్టి చూస్తాను. మీటరు ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి ఇంజిన్ బ్లాక్‌కు పెడితే 0.2 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి, పాడైనట్టు. మొన్న తాడిపత్రి బండిలో 1.3 చూపించింది. అప్పటికే దానికి రెండు బ్యాటరీలు మారాయి. కింద చూస్తే ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ, జడలా అల్లిన రాగి తీగ, పైకి దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. బోల్టు ఊడదీసి వంచితే లోపల పచ్చగా చిలుం పట్టి, సగం పోగులు చేతిలోకే రాలాయి. కొత్త పట్టీ వేసి, బాడీ మీద ఆ చోట పెయింటు గీకి బిగించాను. అంతే పని.

ఆరోది మాత్రం కరెక్ట్. ఇంజిన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన పెడితే అయస్కాంతంలా లాగాలి అన్నారు. లాగాలి. లాగిందంటే బ్రష్‌లు దాటి రోటర్‌కు కరెంటు అందుతున్నట్టే. డయోడ్ల సంగతి మాత్రం దీంతో తెలియదు. మీటరు తీసేలోపు నేను చేసేదీ ఇదే. ఇంత తెలిసినవాడు ఆ నాలుగోది ఎందుకు రాశాడో! బెల్టు వైపు కాదు, వెనకవైపే పెట్టండి. మెడలో తువ్వాలు ఉంటే తీసి పక్కన పెట్టండి.

ఇదంతా ముక్కలు ముక్కలుగా మామకు వాయిస్ మెసేజ్‌లు పెట్టాను. అన్నీ విని ఫోన్ చేశాడు.

"అల్లుడూ, కారు సంగతి నాకెందుకు గానీ, ఆ ఆసిడ్ మాట ఇన్వర్టర్ బ్యాటరీకి కూడా అంతేనా?"

"అంతే మామా. ఎందుకు?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎంత పోశావు మామా?"