ఎక్స్‌ఎమ్‌ఎల్ గారి ఇంట్లో ఒక పిల్లను దింపబోయినవాడి మొర

మహారాజశ్రీ ఎక్స్‌ఎమ్‌ఎల్ గారి సముఖమునకు ఒక మామూలు ప్రోగ్రామర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం. నేను రాత్రి రెండు దాటినా మేలుకునే ఉన్నాను.

విషయం చిన్నది. సమాచారాన్ని ట్యాగులనే పేర్ల మధ్య, ఒకదానిలో ఒకటిగా పెట్టి ఫైల్లో రాసే పద్ధతి కదా మీరు; లోపలున్న ట్యాగును పైదానికి పిల్ల అంటారు. మీ ఆర్డర్ ఫైల్లో ‘ఐటమ్స్’ అనే ట్యాగు ఉంది. దానికింద ‘ఐటమ్’, దానికింద ‘ధర’. చేత్తో రాస్తే అర నిమిషం పని. కోడ్‌తో రాయబోతే మీ ఇంటి మర్యాదలు మొదలవుతాయి. క్రియేట్‌ఎలిమెంట్ అని ఆజ్ఞ ఇస్తే పిల్ల పుడుతుంది గానీ ఇంట్లోకి రాదు, గుమ్మం బయటే నిలబడుతుంది. అపెండ్‌చైల్డ్ అంటూ చేయి పట్టి లోపలికి తీసుకెళ్లాలి. ధరలోని అంకె కూడా టెక్స్ట్ నోడ్ అనే మరో పిల్లేనట! (మీ ఇంట్లో ప్రతి సభ్యుడూ ఒక నోడ్.)

ఆ రోజు 40 వరుసలు ఎక్కించాలి. ‘ఐటమ్’ను అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ బయట ఒక్కసారే పుట్టించి, లోపల ధర మారుస్తూ 40 సార్లు అపెండ్ చేశాను. ఎర్రర్ లేదు. ఫైలు తెరిస్తే ఐటమ్ ఒక్కటే ఉంది, చివరి వరుస ధరతో. మీ దగ్గర ఒక నోడ్‌కు ఒకటే చోటు. మళ్లీ పెడితే కాపీ పుట్టదు, ఉన్నదే లేచొచ్చి కూర్చుంటుంది. తప్పు నాదే. కానీ 39 సార్లు చూస్తూ కూడా నోరు మెదపలేదే! అదే పక్క డాక్యుమెంట్‌లో పుట్టిన నోడ్‌ను తెస్తే, జావా భాషలో ‘రాంగ్ డాక్యుమెంట్’ అని గెంటేస్తారు. ముందు ఇంపోర్ట్‌నోడ్ చేయించాలట. అప్పుడు నోరు బాగానే లేస్తుంది.

ఇక నేమ్‌స్పేస్, అంటే ఏ ట్యాగు ఏ కుటుంబానిదో చెప్పే ఇంటిపేరు. అన్నిటికీ పైనున్న ట్యాగు రూట్‌కు ఇంటిపేరు ఉంది కదా, పిల్లలకూ అదే వస్తుందనుకున్నాను. రాదు. పుట్టించేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో సేవ్ చేసిన ఫైల్లో పిల్ల పక్కనే ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్, ఈక్వల్స్, ఖాళీ కోట్స్. తల్లి ఒళ్లో కూర్చున్న పిల్ల నుదుట ‘దీనికి ఇంటిపేరు లేదు’ అని రాసి ఊరేగించినట్టు. సరే, ఇంటిపేరు పెట్టాను. ఇప్పుడు ట్యాగులను వెతికిపెట్టే ఎక్స్‌పాత్‌తో ‘ఐటమ్’ అని పిలిస్తే ఒక్కరూ పలకరు. కళ్లెదుటే ఉన్నారు! ఫైల్లో ఎక్కడా లేని ప్రిఫిక్స్ (పేరు ముందు తగిలించే పొట్టి గుర్తు) ఒకటి నేనే కల్పించి, అదే నేమ్‌స్పేస్‌కు ముడిపెట్టి పిలిస్తే అప్పుడు అందరూ పలికారు.

1998 ఫిబ్రవరి 10న వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ మిమ్మల్ని సిఫార్సుగా లోకానికి ఇచ్చినప్పుడే మీ లక్ష్యాలు పది రాసిపెట్టింది. పదోది: మార్కప్‌లో క్లుప్తతకు ప్రాధాన్యం అతి స్వల్పం. మిగతా తొమ్మిదింటి సంగతేమో గానీ, ఈ ఒక్కటీ నిష్ఠగా పాటిస్తున్నారు. తెరిచిన ప్రతి పేరూ మూసేటప్పుడు మళ్లీ పూర్తిగా రాయిస్తున్నారు కదా.

ఇట్లు,
అన్ని ట్యాగులూ మూసిన మీ విధేయుడు

తా.క.: మీ పెద్దపిల్ల ఎవరని ఫస్ట్‌చైల్డ్‌ను అడిగాను. ఫైలు అందంగా ఉండాలని నేనే కొట్టిన కొత్త లైనును, నాలుగు స్పేసులను చూపించారు.